కొనే పూచీ ఎవరిది? మెట్ట రైతుల వైపు నుంచి ధాన్యం కొనుగోలు చరిత్ర

భారత ఆహార సంస్థను, అంటే అందరూ ఎఫ్‌సీఐ అని పిలిచే ప్రభుత్వ ధాన్యం కొనుగోలు సంస్థను, ప్రైవేటుకు అప్పగించాలా వద్దా అనే మాట దేశంలో పదేళ్లుగా నలుగుతున్నది. పంజాబ్ రైతులు ఏమన్నారో, ఢిల్లీ ఆర్థిక నిపుణులు ఏమన్నారో పత్రికల్లో చదివాం. కాలువల కింద, బోర్ల కింద వరి వేసే రైతుల మాట కూడా కొంత విన్నాం. మెట్ట మీద జొన్న, కంది పండించే రైతును, అందులోనూ తండా రైతును, ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ. వీళ్ల పంటను ఆ సంస్థ పెద్దగా కొన్నదే లేదు కదా, అది ఉన్నా పోయినా వీళ్లకేం తేడా అని వాళ్ల లెక్క.

మా లెక్క దీనికి ఎదురు. ప్రభుత్వం కొనని చోట రైతు గతి ఎట్లుంటుందో తెలిసినవాళ్లం మేమే. ప్రైవేటు కొనుగోలు రేపు వస్తే ఎట్లుంటుందో అని వరి రైతు భయపడుతున్నాడు. మేము తాతల నాటి నుంచి అందులోనే ఉన్నాం. కాబట్టి ఈ విషయంలో ముందు సాక్ష్యం చెప్పవలసింది మేమేనని మా నమ్మకం. ఆ సాక్ష్యం కోసమే ఈ వ్యాసం.

మాది సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతం. 2016 దాకా మెదక్ జిల్లా. ఝరాసంగం అంటే చాలామందికి కేతకీ సంగమేశ్వర స్వామి గుడి గుర్తుకొస్తుంది. గుడి దాటి నాలుగు దిక్కులా చూస్తే కొంత నల్లరేగడి, కొంత ఎర్ర గరప నేల, వాన మీద ఆధారపడిన చేన్లు. ఒక్క చేనులోనే జొన్న, కంది, పెసర, అనుములు, కొర్రలు కలిపి వేసే అలవాటు ఇక్కడిది. నీళ్లున్నవాళ్లు చెరుకు, ఆలుగడ్డ, అల్లం వేస్తారు. ఊళ్లకు దూరంగా, రాళ్ల భూములను అంటిపెట్టుకొని మా తండాలున్నాయి.

ధాన్యం మోసిన జాతి

లంబాడీలను చరిత్ర పుస్తకాలు సంచారులు అనే ఒక్క మాటతో దాటేస్తాయి. రైలు రాకముందు దక్కనులో గింజలు ఒక నాడు నుంచి ఇంకో నాడుకు కదిలాయంటే చాలావరకు మా వాళ్ల ఎద్దుల వీపుల మీదనే. ఈ ఎద్దుల బేరాన్ని మా గోర్ బోలిలో లదేణి అంటారు. 17వ శతాబ్దంలో ఈ దేశం తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టవర్నియే, పది పన్నెండు వేల ఎద్దుల బిడారులు దారంతా నిండి పోతుంటే ఎదురైనవాళ్లు ఆగి ఎదురుచూడవలసి వచ్చేదని రాశాడు. ఒక తెగ ధాన్యం, ఒక తెగ బియ్యం, ఒక తెగ పప్పులు, ఒక తెగ ఉప్పు మోసేదని కూడా రాశాడు. మొగలు సైన్యాలు దక్కను మీదికి వచ్చినప్పుడు వాటికి తిండి అందించింది ఈ బిడారులే. 1791-92లో టిప్పు సుల్తాను మీదికి పోయిన కార్న్‌వాలిస్ సైన్యం కూడా లంబాడీలు తెచ్చిన గింజల మీద ఆధారపడింది.

ఇది గర్వంగా చెప్పుకోదగ్గ చరిత్రే. కాని ఇందులో ఒక పాఠం ఉన్నది. లదేణి ప్రైవేటు బేరమే. గింజ ఎక్కడ చవకగా ఉంటే అక్కడ కొనడం, ఎక్కడ ధర పలికితే అక్కడ అమ్మడం దాని పద్ధతి. సైన్యం దగ్గర పైసలున్నాయి కాబట్టి గింజ సైన్యం దగ్గరికి పోయింది. కరువు ఊరిలో పైసలు లేకుంటే అక్కడికి గింజ పోవాలన్న నియమం ఏమీ లేదు. మా పెద్దలు చెడ్డవాళ్లని కాదు, వ్యాపారానికి ఆ పూచీ ఉండదు.

హైదరాబాదు రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. ఎద్దుల బేరం కూలడం మొదలైంది. రెండేళ్లకే 1876-78 కరువు దక్కనును పట్టింది. అప్పుడు బ్రిటిష్ ఇండియాను ఏలుతున్న వైస్రాయ్ లిట్టన్, ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టరాదని పట్టుబట్టాడు. మద్రాసు గవర్నర్ ప్రభుత్వం తరఫున కొంత ధాన్యం కొంటే దాన్ని కూడా తప్పుపట్టాడు. దక్షిణాదిలో లక్షల మంది ఆకలితో చచ్చిపోతుంటే అదే రైలులో, అదే ఓడల్లో ధాన్యం ధర ఉన్న చోటికి తరలిపోయింది. ధాన్యాన్ని పూర్తిగా వ్యాపారానికే వదిలేస్తే ఏమవుతుందన్నది ఊహించి చెప్పవలసిన పని లేదు, అది జరిగిపోయిన సంగతి.

బేరం పోయిన తర్వాత మా వాళ్లు పశువులు మేపారు, కట్టెలు అమ్మారు, రాళ్ల భూములు కొట్టి చేన్లు చేశారు. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం తర్వాతి కాలంలో అనేక చోట్ల మా మీదా పడింది. తెలంగాణలో లంబాడీలకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు 1976 చట్టంతో గాని రాలేదు. గింజలు మోసి అమ్మిన జాతి గింజలు పండించే జాతిగా మారడానికి ఇంత కాలం పట్టింది. మారిన తర్వాత తేలిన సంగతి ఏమిటంటే, కాంటాకు ఇవతలి వైపు నిలబడ్డవాడి బలం వేరు, అవతలి వైపు నిలబడ్డవాడి బలం వేరు.

లేవీ గల్లా

ప్రభుత్వం కొంటే చాలు, అంతా మంచే జరుగుతుందనుకునేవాళ్లు కూడా మన చరిత్రలో ఒక పేజీని మరువరాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం ప్రభుత్వం రైతుల నుంచి లేవీ గల్లా వసూలు పెట్టింది. పంట పండినా పండకున్నా ఇంత భూమికి ఇన్ని గింజలని లెక్క గట్టి, బజారు ధర కంటే తక్కువకు తీసుకునేవాళ్లు. సేకరణ, పంపిణీ కోసం హైదరాబాద్ కమర్షియల్ కార్పొరేషన్ అనే సంస్థ కూడా ఉండేది. పేరుకు అదీ కొనుగోలే.

లెక్క రాసేది పట్వారీ. దొర భూమి లెక్కలో తక్కువ చూపడం, చిన్న రైతు కల్లం మీదికి వచ్చి తిండి గింజలు కూడా కొలుచుకుపోవడం మామూలైపోయింది. వెట్టి, భూముల గుంజుకోవడంతో పాటు ఈ లేవీ కూడా 1946-51 తెలంగాణ రైతాంగ పోరాటానికి కారణాల్లో ఒకటి. లేవీ ఇవ్వం అన్నది ఆనాటి ఊళ్లలో పెద్ద నినాదం.

కనుక ప్రభుత్వం అనే పేరుతోనే మేము మురిసిపోము. ఆ సంస్థకు రైతు పట్ల పూచీ ఉన్నదా, రైతు దాన్ని నిలదీయగలడా అన్నది చూస్తాం. నిజాం కార్పొరేషన్‌కు గింజల మీద హక్కు ఉన్నది, రైతు పట్ల బాధ్యత లేదు.

1965లో ఏమి మారింది

స్వతంత్రం వచ్చిన తర్వాత కూడా దేశానికి గింజలు చాలలేదు. పీఎల్-480 ఒప్పందం కింద అమెరికా గోధుమలు ఓడల్లో వచ్చేవి. 1966లో దాదాపు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ఎక్కువ పండించమని రైతుకు చెప్పాలంటే, పండిన దాన్ని ఫలానా ధరకు కొంటామని ముందుగా మాట ఇవ్వాలి. అందుకే 1964లో ఆహార సంస్థల చట్టం చేశారు. 1965 జనవరిలో ఎఫ్‌సీఐ మొదలైంది. మద్దతు ధరలు సిఫారసు చేసే వ్యవసాయ ధరల కమిషన్ కూడా ఆ నెలలోనే వచ్చింది.

ఎఫ్‌సీఐకి మూడు పనులు అప్పగించారు. మద్దతు ధరకు కొనడం, కరువుకు నిల్వ ఉంచడం, రేషన్ షాపులకు పంపడం. లేవీకి దీనికి తేడా ఇక్కడే ఉన్నది. లేవీలో రైతు ఇచ్చి తీరాలి. మద్దతు ధరలో రైతుకు ఇష్టమైతే అమ్ముకోవచ్చు, తెచ్చిన గింజ నాణ్యత ప్రకారం ఉంటే ప్రభుత్వం కొని తీరాలి. తప్పనిసరి అన్న మాట రైతు మెడ మీద నుంచి సర్కారు మెడ మీదికి మారింది. ఈ ఒక్క మార్పు విలువ అర్థమైతే ప్రైవేటు చర్చ మొత్తం అర్థమవుతుంది.

అన్నీ సర్కారే చేయాలన్న ప్రయత్నం కూడా జరిగింది. 1973లో గోధుమల టోకు వ్యాపారాన్ని ప్రభుత్వం పూర్తిగా తన చేతిలోకి తీసుకున్నది. సాగక మరుసటి ఏడే వదిలేసింది. అంటే ఈ దేశంలో వ్యాపారి ఎన్నడూ లేకుండా పోలేదు. వ్యాపారి ఉంటూనే, వ్యాపారి ధర పడేసినప్పుడు రైతు పోయి నిలబడటానికి ఇంకో గుమ్మం ఉండాలన్నదే ఎఫ్‌సీఐ ఆలోచన.

ఆ గుమ్మం మా దాకా రాలేదు

ఆ గుమ్మం తెరుచుకున్నది గోధుమకు, వడ్లకు. జొన్నకు, సజ్జకు, రాగికి ఏటా మద్దతు ధర ప్రకటిస్తూనే ఉన్నారు. ధర కాగితం మీద ఏటా వచ్చింది, కొనేవాడు ఏటా రాలేదు. 2024-25కు సాధారణ వడ్లకు క్వింటాలు 2,300 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,371 రూపాయలు ప్రకటించారు. అంకె చూస్తే జొన్న రైతే లాభంలో ఉండాలి. వడ్లు కొనే కేంద్రం ఊరూరా ఉన్నది, జొన్నకు అట్లా లేదు. 2023 యాసంగిలో మార్క్‌ఫెడ్ ద్వారా జొన్నలు కొంటామని రాష్ట్ర ప్రభుత్వం ముందుకు వచ్చింది. మంచిదే. కాని అది ఆ ఏటి నిర్ణయం. విత్తనం వేసేనాడు ఈ ఏడు కొంటారో లేదో రైతుకు తెలియదు.

మేము పిల్లలకు లెక్కల పాఠంలో ఇట్లా చెప్తాం. ఒక రైతు నాలుగు క్వింటాళ్ల జొన్నలు అమ్మాడనుకోండి. షావుకారు మద్దతు ధర కంటే క్వింటాలుకు 600 తగ్గించి ఇచ్చాడనుకోండి. పోయింది 2,400 రూపాయలు. పిల్లలు తీసివేత వెంటనే చేస్తారు. ఆ 2,400 ఎవరిని అడగాలి అంటే మాత్రం జవాబు రాదు. ధర ప్రకటించినవాడు కొనడానికి రాలేదు, కొన్నవాడు ధర ప్రకటించలేదు.

ఎఫ్‌సీఐ మా గింజ కొనలేదు గాని మా పళ్లెం మాత్రం మార్చింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పేద ఇండ్లకు అది నిజంగా ఆదరువు. ఆకలి కాలంలో ఆ బియ్యం తిని బతికిన కుటుంబాలు మా తండాల్లో లెక్కలేనన్ని. దాన్ని తప్పు పట్టలేం. అయితే ఎక్కడో కాలువల కింద పండిన బియ్యం చవకగా ఇంటికి వస్తుంటే, ఇక్కడి జొన్నకు ఊరిలోనే గిరాకీ తగ్గింది. కూలి పోయి బియ్యం కొనుక్కుంటే సరిపోతుందని మెట్ట చేన్లు బీడు పెట్టినవాళ్లు ఎందరో. కొనేవాడు లేక, తినేవాడు తగ్గి, జొన్న రెండు వైపులా దెబ్బతిన్నది.

సంఘాలు చూపిన దారి

ఈ దెబ్బకు జవాబు కూడా ఈ ప్రాంతం నుంచే వచ్చింది. 1983 నుంచి పస్తాపూర్ కేంద్రంగా పని చేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల నడుమ జొన్నలతోనే ఊరి రేషన్ నడిపి చూపించాయి. ఈ సంఘాల్లో ఎక్కువ మంది దళిత మహిళలు, చిన్న కమతాల వాళ్లు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో ముప్పైకి పైగా ఊళ్లలో ఈ పని జరిగింది.

పద్ధతి ఇది. బీడు పడ్డ భూమిని దున్ని, ఎరువు తోలి, జొన్న వేసుకోవడానికి రైతుకు అప్పు ఇచ్చారు. అప్పు పైసల్లో కాకుండా జొన్నల్లో తీర్చాలి. ఆ జొన్నలు ఊరిలోనే నిల్వ చేశారు. ఊరిలో ఎవరి ఇల్లు ఎంత పేదదో ఊరి మహిళలే కూర్చొని తేల్చారు. పని దొరకని వానకాలపు నెలల్లో ఆ పేద ఇండ్లకు చవక ధరకు జొన్నలు ఇచ్చారు. వచ్చిన పైసలు మళ్లీ నిధిలో వేశారు. కొనడం, నిల్వ, పంపిణీ అన్నీ ఊరి పొలిమేర లోపలే. లారీ కిరాయి లేదు, దూరపు గోదాము లేదు, గోదాములో ముక్కిపోవడం లేదు. ఎఫ్‌సీఐకి చట్టం అప్పగించిన మూడు పనులనూ అక్షరం రాని ఆడవాళ్లు ఊరి స్థాయిలో చేశారు. 2008లో మా మండలంలోని మాచునూరులో మొదలైన సంఘం రేడియో కూడా ఈ పంటల మాటలనే ఊరూరికీ చేర్చింది.

ఇది ప్రైవేటా, ప్రభుత్వమా అని అడిగితే రెండూ కాదు. కాని ఇందులో పూచీ ఉన్నది. జొన్న ఇచ్చినవాడికి, తీసుకున్నవాడికి, కొలిచినవాడికి అందరికీ ఊరిలో ముఖాలు తెలుసు. 2013 ఆహార భద్రతా చట్టంలో చిరుధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వవచ్చని రాశారు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నది. సభలు బాగా జరిగాయి. మా రేషన్ షాపులో మాత్రం బియ్యమే ఉన్నది.

కంది నేర్పింది

మా పంటల్లో ప్రభుత్వ కొనుగోలు రుచి కొంత చూసింది కంది. 2015లో కందిపప్పు చిల్లర ధర కిలో 200 రూపాయల దాకా పోయింది. మరుసటి ఏడు దేశమంతటా రైతులు కంది ఎక్కువ వేశారు. పత్తి తగ్గించి కంది వేయమని మన రాష్ట్ర ప్రభుత్వమూ చెప్పింది. పంట బాగా పండింది. బయటి దేశాల నుంచి దిగుమతులూ ఆగలేదు. 2016-17కు బోనస్‌తో కలిపి మద్దతు ధర 5,050 రూపాయలు. యార్డుల్లో ధర దానికంటే ఎంతో కిందికి పడింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఆ రెండేళ్లలో అక్షరాలా నిజమైంది.

అప్పుడు నాఫెడ్, ఎఫ్‌సీఐ వంటి సంస్థలు రాష్ట్ర సంస్థల ద్వారా కేంద్రాలు తెరిచి కందులు కొన్నాయి. అమ్ముకోగలిగిన రైతు బతికాడు. అమ్ముకోలేనివాళ్లూ ఉన్నారు. జొన్నలో సాలుకు సాలు కలిపి వేసిన రైతుకు రెండు మూడు క్వింటాళ్లే వస్తాయి. దాని కోసం ఆటో కిరాయి పెట్టుకొని, టోకెన్ కోసం రెండు దినాలు యార్డులో పండుకోవడం గిట్టదు. పట్టా పాసుపుస్తకం ఉండాలి. కౌలు రైతుకు, తాత పేరు మీదనే ఉండిపోయిన భూమికి, పట్టా రాని పోడు భూమికి ఆ పుస్తకం ఉండదు. అటువంటి రైతు కల్లం మీదనే షావుకారుకు అమ్ముతాడు. అవే కందులు వేరేవాళ్ల పుస్తకం మీద కేంద్రానికి చేరడం ఊళ్లలో అందరికీ తెలిసిన ముచ్చటే.

ఇంత లోపం ఉన్నా ఒక సంగతి గమనించాం. కేంద్రం తెరిచి ఉన్న దినాల్లో షావుకారు కూడా ధర కొంత పెంచి అడుగుతాడు. మూసిన మరునాటి నుంచి తగ్గిస్తాడు. సర్కారు ఎన్ని బస్తాలు కొన్నదన్నది ఒక లెక్క. అది అక్కడ కొంటూ ఉండటం వల్ల మిగతా బస్తాలకు వచ్చిన ధర ఇంకో లెక్క. రెండోది ఏ నివేదికలోనూ కనిపించదు.

ఆరు శాతం లెక్క

2014లో కేంద్రం శాంతకుమార్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 2015 జనవరిలో నివేదిక వచ్చింది. కొనుగోలు బాగా సాగుతున్న రాష్ట్రాల్లో ఆ పనిని ఎఫ్‌సీఐ వదిలి రాష్ట్రాలకే అప్పగించాలని, నిల్వలో ప్రైవేటును తేవాలని, ఆహార భద్రతా చట్టం కిందికి వచ్చే జనాన్ని 67 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని సిఫారసు చేసింది. దేశంలో మద్దతు ధరకు అమ్ముకోగలుగుతున్నది 6 శాతం రైతులే అన్నది అందులో అందరి నోట నానిన అంకె.

ఈ అంకెను రెండు తీర్లుగా చదవవచ్చు. ఆరుగురికే అందుతున్నది కాబట్టి అంత పెద్ద సంస్థ ఎందుకని కొందరు చదివారు. ఆ మిగిలిన 94 మందిలో మేమున్నాం. బడికి వందమంది పిల్లల్లో ఆరుగురే వస్తున్నారంటే బడి ఎత్తేయమని ఏ ఉపాధ్యాయుడూ రాయడు. మిగతా పిల్లలు ఎందుకు రావడం లేదో చూడమంటాడు.

ఎఫ్‌సీఐని అమ్మేస్తామని చట్టమేదీ రాలేదు. వచ్చినవి ముక్కలు ముక్కలుగా వచ్చాయి. 2018 సెప్టెంబరులో వచ్చిన పీఎం-ఆశా పథకంలో నూనె గింజలను ప్రైవేటు కంపెనీలతో కొనిపించే ప్రయోగం కూడా ఒకటి. ధర పడినప్పుడు కంపెనీ మద్దతు ధరకు కొనాలి, అందుకు ప్రభుత్వం మద్దతు ధరలో 15 శాతం దాకా సేవా రుసుము ఇస్తుందని అందులో పెట్టారు. అంటే ప్రైవేటువాడు కూడా తన ఇష్టంతో ఆ ధరకు కొనడని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. 2020లో మూడు సాగు చట్టాలు వచ్చాయి. యార్డు బయట ఎవరైనా కొనవచ్చన్నారు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చున్నారు. 2021 నవంబరులో చట్టాలు రద్దయ్యాయి. బీహార్‌లో మార్కెట్ యార్డుల చట్టాన్ని 2006లోనే ఎత్తేశారు. అక్కడి చిన్న రైతు వడ్లను మద్దతు ధర కంటే తక్కువకు అమ్ముకుంటున్న సంగతి ఆ ఉద్యమ కాలంలో దేశమంతా చెప్పుకున్నది.

మన దగ్గరి చక్కెర కథ కూడా ఉన్నది. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ రైతు చెరుకు కొనే ప్రభుత్వ సంస్థగా దశాబ్దాలు నడిచింది. 2002లో బోధన్, మెట్‌పల్లి, మెదక్ ఫ్యాక్టరీలలో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరులో మూడూ మూతపడ్డాయి. చెరుకు వదిలిన రైతుల్లో చాలామంది వరికి మళ్లారు. వరి ఎందుకంటే, కొనేది సర్కారు కాబట్టి. వద్దన్న పూచీని రైతు ఇంకో దారిలో వెతుక్కున్నాడు. తెలంగాణ ఏర్పడిన ఏడు రాష్ట్రంలో 24 లక్షల టన్నుల వడ్లు కొంటే, 2020-21లో 141 లక్షల టన్నులు కొన్నారు. ఇందులో నీళ్ల పాత్ర ఎంతో, కొనేవాడు ఉన్నాడన్న ధైర్యం పాత్ర అంతే.

ఆ ధైర్యం కూడా కదిలింది. 2020 డిసెంబరులో ఊళ్లలో కొనుగోలు కేంద్రాలు ఇక పెట్టబోమని రాష్ట్ర ప్రభుత్వం అన్నది. తర్వాత మనసు మార్చుకున్నది. 2021-22 యాసంగిలో ఉప్పుడు బియ్యం తీసుకోమని కేంద్రం, మీరే తీసుకోవాలని రాష్ట్రం తగాదా పడ్డాయి. రైతు వడ్లు కల్లంలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో చివరికి రాష్ట్రం కొన్నది. రోడ్డు మీదికి వచ్చి అడిగితే వెనక్కి తగ్గడం ఓటు అడిగే సర్కారుకే సాధ్యం. కంపెనీ ముందు ధర్నా చేస్తే ఏ మంత్రి రాజీనామా చేస్తాడు?

రైతులు ఏమంటున్నారు

ఈ ప్రశ్న మీద మా ప్రాంతపు రైతులందరిదీ ఒకటే మాట కాదు. బోరు కింద వరి వేసినవాళ్లు కేంద్రం ఉండాల్సిందే అంటారు. కాని తాలు పేరుతో, తేమ పేరుతో తరుగు తీయడం మీద, పైసలు ఆలస్యం కావడం మీద వాళ్లకు కోపం ఉన్నది. షావుకారు ధర తగ్గించినా చేతిలో నోట్లు పెడతాడని, సర్కారు ధర ఇచ్చినా వారాలు తిప్పుతుందని వాళ్ల పోలిక. అల్లం, ఆలుగడ్డ వేసేవాళ్లు మాకు మద్దతు ధరే లేదు, మేమెట్లా బతుకుతున్నాం అంటారు. వాళ్లే ధర పడిన ఏడు పంటను పశువులకు వేసిన సంగతి కూడా చెప్తారు. చదువుకున్న యువకులు కొందరు కంపెనీలు వస్తే గోదాములు, పోటీ పెరుగుతాయని ఆశ పడతారు. ఆడవాళ్లు అడిగేది వేరు. కొనేది ఎవరైనా రేషన్ బియ్యం ఆగుతాయా అని అడుగుతారు. పండించేదీ, రేషన్ కొనేదీ ఒకే ఇల్లు కాబట్టి వాళ్ల ప్రశ్నే అన్నిటికన్నా లోతైనది.

ఈ కోపాలన్నీ న్యాయమైనవే. అయితే తరుగు, ఆలస్యం, దూరం, పాసుపుస్తకం అన్నవి సంస్థను బాగు చేయమని చెప్పే కారణాలు. అమ్మేయమని చెప్పే కారణాలు కావు. షావుకారు కాంటాలో తరుగు లేదా? ఉన్నది, చిట్టీ మీద రాయడు, అంతే.

అడవి ప్రాంతాల గిరిజన సోదరులకు ఇది కొత్త చర్చ కాదు. 1956లో విశాఖపట్నంలో పుట్టిన గిరిజన సహకార సంస్థ చింతపండు, జిగురు, కరక్కాయ వంటి అటవీ ఫలసాయాన్ని కొంటున్నది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆ కొనుగోలు హక్కును 1979లో దానికే ఇచ్చారు. ధర చాలదని, డిపోకు సరిగ్గా రారని దాని మీద ఫిర్యాదులు లేవని కాదు. కాని సంతలో అడవి సరుకుకు ఉప్పు, పొగాకు ఇచ్చి పంపిన షావుకార్ల కాలం తెలిసినవాళ్లు డిపో ఎత్తేయమని అడిగిన గిరిజన సభను మేము ఇంతవరకు చూడలేదు. మా జహీరాబాదు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, మాకు ఆ డిపో కూడా లేదు.

కనుక మేము అడిగేవి ఇవి. జొన్న, కంది, కొర్ర, రాగి కొనుగోలు ఏటా ఉంటుందని విత్తనాలు వేసే ముందే చెప్పాలి. కేంద్రం తండాకు నడిచిపోయే దూరంలో ఉండాలి, రెండు క్వింటాళ్లు తెచ్చినా కొనాలి. పాసుపుస్తకం లేని సాగుదారును గ్రామసభ గుర్తిస్తే చాలాలి. ఇక్కడ కొన్న జొన్నలను ఇక్కడి రేషన్ షాపులో, మా బడి మధ్యాహ్న భోజనంలో, అంగన్‌వాడీలో పెట్టాలి. కొని నిల్వ చేసే పని మహిళా సంఘాలకు అప్పగించాలి. అది చేయగలమని వాళ్లు ముప్పై ఏళ్ల కిందనే చూపించారు.

ప్రైవేటువాళ్లు వచ్చి ఎక్కువ ధరకు కొంటామంటే ఎవరూ అడ్డుపడరు. ఈనాడు కూడా ఎవరూ అడ్డుపడటం లేదు. ఎక్కువ ధర ఇవ్వడానికి ఎఫ్‌సీఐ పోవలసిన అవసరం లేదు. తక్కువ ధర ఇవ్వాలనుకున్నవాడికే అది అడ్డం. మా తాతలు ఎద్దుల మీద గింజలు మోసిన నాటి నుంచి ఈ నాటి దాకా మాకు తెలిసింది ఇంతే. వ్యాపారి కొనవచ్చు, కొనకపోవచ్చు. కొనకపోతే అడగడానికి రైతుకు ఎవరో ఒకరు ఉండాలి. ఆ పూచీని సర్కారు ఇంతవరకు వరి దాకా తెచ్చింది. దాన్ని మా జొన్న చేను దాకా తేవాలి, ఉన్న చోట నుంచి వెనక్కి తీసుకోరాదు.